చేతితో తిప్పిన చాకిరేవు

బోడుప్పల్‌లో గానీ, నాచారంలో గానీ, ఉప్పల్‌లో గానీ ఆదివారం పొద్దున ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఒక చప్పుడు వినిపిస్తుంది. ఘుర్రుమని ఒకవైపు తిరుగుతుంది. టక్కున ఆగుతుంది. ఊపిరి తీసుకున్నట్టు ఓ క్షణం ఊరుకుంటుంది. మళ్ళీ ఘుర్రుమంటూ రెండోవైపు తిరుగుతుంది. అది బట్టలుతికే యంత్రమని మీకు తెలుసు. కానీ ఒక ప్రశ్న. ఫ్యాను ఒకేవైపు తిరుగుతుంది. మిక్సీ, గ్రైండరు, పిండిమర అన్నీ ఒకేవైపు తిరుగుతాయి. ఇది ఒక్కటే ఎందుకు ఇలా ముందుకూ వెనక్కూ తిరుగుతుంది?

మోటారు సుఖం కోసం ఇలా చేయలేదు. నిజానికి ఆగి, వెనక్కు తిరగడం మోటారుకు ఇబ్బందే. ఈ పద్ధతి మోటారు కంటే ముందుది. కరెంటు లేని కాలంలో, చేత్తో పిడి పట్టి తిప్పే చెక్క యంత్రాలను బాగుచేస్తూ పోయిన వడ్రంగులూ, కమ్మరులూ, దుకాణదారులూ, గృహిణులూ కనిపెట్టిన కిటుకు ఇది. ఇదొక్కటే కాదు, నేటి యంత్రం లోపల ఉన్న పనితనంలో చాలాభాగం ఆ చేతి యంత్రాల నుంచి వచ్చిందే.

ఆ యంత్రాలు మన దేశంలో పుట్టినవి కావు. యూరపులో, అమెరికాలో పుట్టాయి. మనకు చాకిరేవు ఉండేది. ఊరందరి బట్టలూ ఉతికిపెట్టే రజకులు ఉండేవారు. ఒకరి శ్రమ అంత చౌకగా దొరికేచోట యంత్రం అవసరం ఎవరికీ తోచదు. బహుశా అందుకే మనవాళ్ళు దాని జోలికి పోలేదేమో! అయితే యంత్రం ఏం చేయాలో అర్థం చేసుకోవడానికి ముందుగా చాకిరేవు దగ్గరికే వెళ్ళాలి.

ఉతకడమంటే ఏమిటి?

మురికి అంటే దుమ్ము ఒక్కటే కాదు. మన చెమటతో పాటు కొంచెం నూనె కూడా బట్టకు అంటుతుంది. వంటింటి జిడ్డు ఉండనే ఉంది. దుమ్ము రేణువులను నూలుపోగులకు అంటించి ఉంచేది ఈ జిడ్డే. నీటికీ జిడ్డుకూ పొత్తు కుదరదు కదా! అందుకని సబ్బు మధ్యవర్తిగా వస్తుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటితో చేరుతుంది, రెండో కొస జిడ్డులో దిగుతుంది. జిడ్డు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీటిలో తేలుతుంది.

మరి సబ్బునీళ్ళలో చొక్కా ముంచి ఊరుకుంటే సరిపోదా? సరిపోదు. పోగుల మధ్య ఇరుకు సందుల్లో చిక్కుకున్న నీరు కదలదు. అది కాసేపటికే మురికితో నిండిపోతుంది. కొత్త సబ్బునీరు అక్కడికి రావాలంటే పాత నీరు బయటికి పోవాలి. దాన్ని కదిలించాలి. ఉతకడంలో కష్టమంతా ఈ కదిలించడంలోనే ఉంది.

హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1959లో దీన్ని ఒక వృత్తం బొమ్మగా గీసి చూపించాడు. వృత్తంలో నాలుగు భాగాలు: రసాయనం, వేడి, కాలం, కదలిక. వీటిలో ఏ ఒక్కదాన్ని తగ్గించినా మిగిలినవాటిని పెంచాలి. చన్నీళ్ళతో ఉతికితే ఎక్కువసేపు రుద్దాలి. సబ్బు తక్కువైతే నీళ్ళు మరగాలి. ఆధునికమైన సిద్ధాంతంలా కనిపిస్తుంది గానీ, మన రజకులకు ఇది తరతరాలుగా చేతివాటంగా తెలుసు. చౌడుమట్టి కలిపిన నీళ్ళలో బట్టలు తడిపేవారు. చౌడులో సోడియం కార్బొనేటు ఉంటుంది. ఇది రసాయనం. వాటిని బాన మీద పేర్చి కింద మంటపెట్టి గంటల తరబడి ఆవిరి పట్టించేవారు. దీన్నే ఉబ్బ అంటారు. ఇవి వేడీ, కాలమూ. తెల్లవారాక రేవులో బండ మీద బాదేవారు. ఇది కదలిక. నాలుగు భాగాలూ నిండాయి!

బోరు నీళ్ళతో ఉతికే ఇళ్ళలో మరో తంటా ఉంది. రాతినేల పొరల్లోంచి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఈ కఠిన జలంలో సబ్బు నురగ రాదు. విరిగిన పాలలాంటి తెట్టు కడుతుంది. అంటే వృత్తంలో రసాయనం భాగం కుంచించుకుపోయిందన్నమాట. లోటు పూడ్చవలసింది చేతులే. ఇప్పటి డిటర్జెంటు పొడులు కఠిన జలంలో సబ్బు కంటే మెరుగ్గా పనిచేస్తాయి. కానీ మనం చెప్పుకోబోయే యంత్రాలవాళ్ళకు ఆ పొడులు లేవు. వాళ్ళ దగ్గరున్నది సబ్బు, మరిగే నీళ్ళు, రెండు చేతులు. ఇక చేయగలిగిందల్లా కదలికను తేలిక చేయడమే.

చేతిని అనుకరించిన యంత్రం

తొలి పరికరాలు యంత్రాలని పిలిచేంతటివి కావు. ఇంగ్లండులో ఒక కర్రకు అడుగున చిన్న పీటలాంటిది బిగించి, దానికి నాలుగైదు కాళ్ళు పెట్టి, తొట్టిలో బట్టల మీద నిలబెట్టి పైనుంచి అటూ ఇటూ తిప్పేవారు. మన కవ్వం చిలికినట్టే అనుకోండి. తర్వాత ఎవరికో ఆ కవ్వాన్ని తొట్టి మూతకే బిగించాలని తోచింది. ఇలాంటి యంత్రం బొమ్మ 1752లో లండనులోని జెంటిల్‌మన్స్ మేగజైన్ అనే పత్రికలో వచ్చింది. దాని పేరు యార్క్‌షైర్ మెయిడెన్, అంటే యార్క్‌షైర్ పనిపిల్ల! పేరులోనే ఉంది చూడండి, ఈ యంత్రం ఎవరికి బదులుగా వచ్చిందో.

ఆ బొమ్మ సముద్రం దాటి, చేతులు మారి, జర్మనీలోని రీగెన్స్‌బర్గ్ అనే ఊరు చేరింది. అక్కడ యాకోబ్ క్రిస్టియన్ షేఫర్ అనే ఆయన ఉండేవాడు. వృత్తిరీత్యా మతాచార్యుడు. ఆసక్తి మాత్రం పుట్టగొడుగుల మీద, పురుగుల మీద, కాగితం తయారీ మీద! ఆయన ఆ యంత్రాన్ని తన పద్ధతిలో బాగుచేసి, 1767 ప్రాంతంలో దాని మీద ఒక పుస్తకమే అచ్చువేశాడు. నిట్టనిలువు చెక్కతొట్టి, మూత, మూతలోంచి దిగిన కర్ర, పైన పిడి. అంతే.

ఆ తర్వాత నూరేళ్ళలో వందల రకాల యంత్రాలు వచ్చాయి. అమెరికాలో అయితే 1875 నాటికి ఉతికే యంత్రాల మీద రెండువేలకు పైగా పేటెంట్లు ఉన్నాయంటారు. వీటిలో చాలావాటిది ఒకటే ఆలోచన: చేయి ఎలా రుద్దుతుందో యంత్రమూ అలాగే రుద్దాలి. గాళ్ళు పెట్టిన రెండు పలకల మధ్య బట్టను పెట్టి, పై పలకను ముందుకూ వెనక్కూ నెట్టేవారు. రుద్దడమైతే జరిగేది. కానీ చేతికి ఒక తెలివి ఉంది. కాలరు దగ్గర గట్టిగా, పలచని బట్ట దగ్గర మెల్లగా రుద్దాలని దానికి తెలుసు. పలకకు ఆ తెలివి లేదు. గుండీలు ఊడేవి. పాత దుప్పట్లు చిరిగేవి. మురికి కన్నా ముందు బట్ట పోయేది!

ఇక్కడొక మాట అనిపిస్తుంది. ఒక పనికి యంత్రం చేయాలంటే మనిషి చేతిని అచ్చంగా కాపీ చేయాలనుకోవడం సహజం. కుట్టుమిషను కనిపెట్టబోయినవాళ్ళు కూడా మొదట చేతికుట్టునే అనుకరించబోయి దెబ్బతిన్నారు. సూదికొనకే బెజ్జం పెట్టాకగానీ ఆ చిక్కు విడలేదు. ఉతికే యంత్రం విషయంలో విడిపోవలసిన చిక్కు ఇది: బట్టను రుద్దకుండా, బట్టలోంచి నీటిని నడిపించడం ఎలా?

ముందుకూ వెనక్కూ

కవ్వం పద్ధతి ఇందుకు దగ్గరగానే ఉంది. తొట్టిలోని మేకులు బట్టలను పట్టుకొని నీటిలో లాగుతాయి. నీరు పోగుల్లోంచి పారుతుంది. కానీ కవ్వాన్ని ఒకేవైపు తిప్పుతూ పోతే ఏమవుతుంది? ముందు బట్టలు తిరుగుతాయి. కాసేపటికి నీళ్ళు కూడా వాటితో కలిసి సుడి తిరుగుతాయి. బట్టా నీరూ ఒకే వేగంతో పోతుంటే బట్టలోంచి నీరు పారదు కదా! ఒకే రైల్లో పక్కపక్కన కూచున్న ఇద్దరు ఒకరినొకరు దాటిపోరు. పైగా లుంగీ, చీర, చొక్కా చేతులు అన్నీ మెలిపడి జడలా అల్లుకుపోతాయి.

అటు తిరుగుతున్నదాన్ని హఠాత్తుగా ఇటు తిప్పితే? బట్ట వెనక్కు మళ్ళుతుంది. నీరు మాత్రం జడత్వం వల్ల ఇంకా ముందుకే పోతుంటుంది. ఆ క్షణంలో నీరు బట్టలోంచి దూసుకుపోతుంది. మెలికలు కూడా విడిపోతాయి. ఆదివారం పొద్దున మీరు వినే చప్పుడుకు కారణం ఇదే.

చేత్తో పిడిని అటూ ఇటూ ఊపవచ్చు. కానీ ఊపడం తిప్పడం కన్నా కష్టం. ప్రతిసారీ ఆపాలి, ప్రతిసారీ మళ్ళీ కదిలించాలి. మనిషి చేయి హాయిగా చేసేది గుండ్రంగా తిప్పడం. కవ్వానికి కావలసింది ముందుకూ వెనక్కూ ఊగడం. ఈ రెండింటినీ కలిపేది ఎలా?

మీ ఇంట్లో కాలితో తొక్కే కుట్టుమిషను ఉంటే వంగి చూడండి. కాలిపలక పైకీ కిందికీ ఊగుతుంది. దానికి తగిలించిన కడ్డీ చక్రాన్ని గుండ్రంగా తిప్పుతుంది. ఊగుడును తిప్పుడుగా మార్చడమన్నమాట. ఇదే ఏర్పాటును తలకిందులు చేయండి. చక్రాన్ని చేత్తో గుండ్రంగా తిప్పితే కడ్డీ రెండోకొసన ఉన్నది ఊగుతుంది. అయితే ఆ ఊగుడు చిన్నది, సుమారు 45 డిగ్రీలు అనుకుందాం. బట్టలు కదలాలంటే కవ్వం కనీసం సగం చుట్టు తిరగాలి. అందుకని ఊగే ముక్కను విసనకర్ర ఆకారంలో చేసి, అంచున పళ్ళు కోసి, దాన్ని ఒక చిన్న పళ్ళచక్రానికి తగిలించారు. చిన్నచక్రం వ్యాసార్ధం నాలుగో వంతు ఉంటే, పెద్దది 45 డిగ్రీలు ఊగినప్పుడు చిన్నది నాలుగు రెట్లు, అంటే 180 డిగ్రీలు తిరుగుతుంది. సగం చుట్టు అటు, సగం చుట్టు ఇటు. చేయి మాత్రం ఆగకుండా ఒకేవైపు తిప్పుతూనే ఉంటుంది.

అమెరికాలో ఇండియానా రాష్ట్రపు బ్లఫ్టన్ పట్టణంలో విలియం బ్లాక్‌స్టోన్ అనే వ్యాపారి 1874లో తన భార్యకు పుట్టినరోజు కానుకగా ఒక యంత్రం చేసి ఇచ్చాడని చెప్పుకుంటారు. చెక్కతొట్టి, లోపల ఆరు చిన్న కొయ్యమేకులున్న పలక, పైన పిడీ, పళ్ళచక్రాలూ. మేకులకు తగులుకున్న బట్టలు వేడి సబ్బునీళ్ళలో అటూ ఇటూ జాడింపబడతాయి. ఇరుగుపొరుగువారు మాకూ కావాలన్నారు. రెండున్నర డాలర్లకు ఒకటి చొప్పున అమ్మడం మొదలుపెట్టాడట. పుట్టినరోజుకు ఉతికే యంత్రం కానుకగా ఇవ్వడం మంచి మర్యాదేనా అన్నది మీ ఇంట్లో ఆడవాళ్ళను అడగండి!

సెకనుకు ఒక చుట్టు

ఇంకో దారి కూడా ఉంది. 1782లో ఇంగ్లండులో హెన్రీ సిడ్జియర్ అనే ఆయన ఒక పేటెంటు తీసుకున్నాడు. కొయ్యకడ్డీలతో చేసిన పంజరం లాంటి పీపా. అందులో బట్టలు వేసి, నీటితొట్టిలో అడ్డంగా పెట్టి, పిడితో తిప్పుతారు. బట్టలు కొంతదూరం పైకెక్కి, దబ్బున నీళ్ళలో పడతాయి. ఆలోచిస్తే, ఇది చాకలిబండే! ఇక్కడ బట్టను పైకెత్తేది పీపా. బాదేది భూమ్యాకర్షణ. అమెరికాలో 1851లో జేమ్స్ కింగ్, 1858లో హామిల్టన్ స్మిత్ ఇలా గుండ్రంగా తిరిగే యంత్రాలకు పేటెంట్లు పొందారు. నేడు ముందువైపు తలుపున్న యంత్రాలన్నీ ఈ కుటుంబానివే.

పీపాను ఎంత వేగంగా తిప్పాలి? వేగం ఎక్కువైతే బాగా ఉతుకుతుందని అనుకుంటాం. అది పొరపాటు. నీళ్ళున్న బకెట్టును తలమీదుగా గిరగిరా తిప్పితే నీళ్ళు కింద పడవని మీకు తెలుసు. బట్ట కూడా అంతే. వేగం మరీ పెరిగితే పీపా గోడకు అతుక్కుపోతుంది. పైనుంచి పడదు. పడకపోతే ఉతుకూ లేదు. హద్దు ఎక్కడో లెక్క కట్టవచ్చు. పీపా వ్యాసార్ధం పావు మీటరు అనుకోండి. కోణీయ వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే 9.8 రావాలి. వర్గం 39.2 అవుతుంది, వేగం సెకనుకు 6.26 రేడియన్లు. ఒక పూర్తి చుట్టు 6.28 రేడియన్లు కాబట్టి దాదాపు సెకనుకు ఒక చుట్టు, అంటే నిమిషానికి 60. దీనికి కొంచెం తక్కువలో, 45 నుంచి 50 మధ్య తిప్పితే బట్ట పైకంటా వెళ్ళి పడుతుంది.

చిత్రమేమంటే, మనిషి చేయి పిడిని తీరికగా తిప్పే వేగం కూడా ఇంచుమించు అంతే! కాబట్టి సిడ్జియర్ పీపాకు వేగం పెంచే పళ్ళచక్రాలు అక్కరలేకపోయాయి. నేటి యంత్రం మోటారు నిమిషానికి వేలసార్లు తిరిగినా, ఉతికేటప్పుడు డ్రమ్మును మాత్రం ఈ చేతివేగానికి దగ్గరగానే తిప్పుతుంది.

పిడి ఎందుకు బరువు?

నీళ్ళతో బరువెక్కిన బట్టలను తిప్పడం మాటలు కాదు. పెద్దమనిషి చేత్తో పిడి తిప్పుతూ అలసిపోకుండా చాలాసేపు ఇవ్వగలిగిన సామర్థ్యం సుమారు 50 వాట్లు. ఒక చిన్న ఫ్యానుకు సరిపోతుందేమో! పైగా ఆ 50 వాట్లు కూడా నికరంగా రావు. పిడిని కిందికి నొక్కేటప్పుడు ఒంటి బరువు తోడవుతుంది. పైకెత్తేటప్పుడు బలం తగ్గుతుంది. అటు బట్టలు కూడా ఒక క్షణం అడ్డుపడతాయి, మరుక్షణం జారిపోతాయి. చేయి బలహీనంగా ఉన్న చోటనే బట్ట అడ్డుపడిందా, యంత్రం ఆగిపోతుంది.

దీనికి వాడిన మందు గతిపాలక చక్రం. తొట్టి పక్కన గానీ కింద గానీ బరువైన ఇనుపచక్రం ఒకటి బిగించారు. చేయి బలంగా ఉన్నప్పుడు అది శక్తిని దాచుకుంటుంది, నీరసించినప్పుడు తిరిగి ఇస్తుంది. అంచులో 6 కిలోల ఇనుమున్న, 20 సెంటీమీటర్ల వ్యాసార్ధపు చక్రం నిమిషానికి 60 సార్లు తిరిగితే అందులో దాగే గతిజశక్తి దాదాపు 4.7 జౌళ్ళు. ఇది లెక్కలోకి రాదు. కానీ మూడింటికొకటి చొప్పున పళ్ళచక్రాలు పెట్టి దాన్నే నిమిషానికి 180 సార్లు తిప్పితే శక్తి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లవుతుంది. 42 జౌళ్ళు దాటుతుంది. గతిజశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి! అందుకే తెలివైన పనివాళ్ళు చక్రాన్ని బరువు చేయకుండా వేగం చేశారు. బరువైన చక్రమైతే ఇల్లు మారేటప్పుడు ఎవరు మోస్తారు?

ఒక సంగతి గుర్తుంచుకోండి. గతిపాలక చక్రం కొత్తగా శక్తినేమీ పుట్టించదు. పళ్ళచక్రాలూ అంతే. బలం తగ్గితే తిప్పవలసిన చుట్లు పెరుగుతాయి. పనిలో రాయితీ లేదు. అయితే వృథా అయ్యే పనిని మాత్రం తగ్గించవచ్చు. కొయ్యకన్నంలో తిరిగే కొయ్యఇరుసు తడికి ఉబ్బి బిగుసుకుపోయేది. చేతిశ్రమలో కొంతభాగం ఆ ఒరిపిడికే పోయేది. కొయ్య స్థానంలో పోతఇనుప ఇరుసులు, తర్వాత బంతుల బేరింగులు వచ్చాక పిడి తేలికైంది. నాచారానికి కూతవేటు దూరంలో, మౌలాలీలో, ఒకప్పుడు హెచ్.ఎం.టి. బేరింగుల కర్మాగారం ఉండేది. అక్కడ తయారైనలాంటి ఉక్కుబంతుల వరుసే నేటి ఉతికే యంత్రపు డ్రమ్మును మోస్తుంది. డ్రమ్ము గరగరమని మూలిగితే మెకానిక్కు మొదట అనుమానించేది ఆ బేరింగునే.

పిండడం మరో యుద్ధం

యంత్రం ఉతికిపెట్టింది సరే. పిండేదెవరు? తడిసిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టి మెలిపెట్టడం మీరు చూసే ఉంటారు. మణికట్లు పట్టేస్తాయి. మెలిపెట్టినప్పుడు నూలుపోగులు కూడా తెగుతాయి.

చెరుకురసం బండి దగ్గర నిలబడితే దీనికి జవాబు కనిపిస్తుంది. రెండు రోలర్ల మధ్య చెరుకు దూరితే రసం ఇటు, పిప్పి అటు. బట్టకూ ఇదే చేశారు. కొయ్యరోలర్లు గట్టివి కాబట్టి గుండీలు పగిలేవి, మడతలున్నచోట మాత్రమే నొక్కుడు పడేది. మెత్తని రోలరు కావాలి. పచ్చి రబ్బరు వేడికి జిగురుగా, చలికి పెళుసుగా మారుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతికి 1844లో పేటెంటు పొందాకనే వేడినీళ్ళకు తట్టుకొనే రబ్బరురోలర్లు సాధ్యమయ్యాయి. వాటిని తొట్టి అంచుకు బిగించి, మరలతో బిగువు సరిచేసి, పిడితో తిప్పేవారు. తర్వాత ఇదే రోలరుకు మోటారు తగిలించినప్పుడు వేళ్ళూ, జుట్టూ అందులో చిక్కుకొని ఎందరో గాయపడ్డారు. చేత్తో తిప్పినంతకాలం నొప్పి తగలగానే చేయి ఆగేది. మోటారుకు నొప్పి తెలియదు. అందుకని ఒక్క దెబ్బతో రోలర్లు విడిపోయే మీట పెట్టవలసి వచ్చింది.

రోలర్ల కథలో ఒక పేరు తరచుగా మరుగున పడుతుంది. వాషింగ్టన్‌లో ఎలెన్ ఎగ్లిన్ అనే నల్లజాతి మహిళ బట్టలు పిండే ఒక రకం యంత్రాన్ని తయారుచేసింది. 1888లో దాని హక్కును ఒక ఏజెంటుకు 18 డాలర్లకు అమ్మేసింది. అది కొన్నవాడికి బోలెడు లాభం తెచ్చింది. ఎందుకు అంత చౌకగా ఇచ్చావని తర్వాత అడిగితే, దాన్ని చేసింది నల్లమనిషని తెలిస్తే తెల్లదొరసానులు కొనరని చెప్పింది. బట్టలుతికే పనిలోని బాధ ఎవరికి తెలుసో వాళ్ళకే దానికి మందూ తోస్తుంది. పేరు మాత్రం వాళ్ళకు దక్కదు! అందరి విషయంలోనూ ఇలా జరగలేదనుకోండి. మిషిగన్ రాష్ట్రానికి చెందిన మార్గరెట్ కాల్విన్ తాను రూపొందించిన ఉతికే యంత్రాన్ని 1876లో ఫిలడెల్ఫియా మహాప్రదర్శనలో తన పేరుతోనే నిలబెట్టింది.

రోలరు కూడా పోయి ఇప్పుడు పిండే పని వేగానికి వదిలేశారు. పావు మీటరు వ్యాసార్ధపు డ్రమ్ము నిమిషానికి 1000 చుట్లు తిరిగితే బట్టలోని నీటిచుక్క మీద పనిచేసే త్వరణం భూమ్యాకర్షణకు 280 రెట్లు. చుక్క గోడ చిల్లుల్లోంచి ఎగిరిపోతుంది. ఇది మాత్రం చేత్తో అయ్యే పని కాదు.

గరాటు నుంచి మేటాగ్ దాకా

చేతి యంత్రాల చివరిదశలో వచ్చిన ఒక చిన్న పరికరం నాకు అన్నిటికంటే ఇష్టం. బోర్లించిన గంట ఆకారపు లోహపు మూత, దానికి పొడవాటి కర్ర. బట్టల మీద కిందికి నొక్కితే లోపలి గాలీ నీరూ బట్టల్లోంచి కిందికి దూసుకుపోతాయి. పైకి లాగితే లోపల పీడనం తగ్గి, నీరు బట్టల్లోంచి పైకి పీల్చుకుంటుంది. రుద్దుడు లేదు, మేకులు లేవు, మెలికలు లేవు. బట్ట ఉన్నచోటే ఉంటుంది. నీరే రాకపోకలు చేస్తుంది! అమెరికాలో ఇలాంటి గంటలను రెండు మూడింటిని ఒక ఇరుసుకు బిగించి, లివరుతో ఆడించే తొట్టి యంత్రాలు కూడా వచ్చాయి.

ఇదే ఆలోచన 1922లో పరిపక్వానికి వచ్చింది. అయోవా రాష్ట్రపు న్యూటన్ పట్టణంలో మేటాగ్ కంపెనీ 1893 నుంచీ వ్యవసాయ పరికరాలు చేసేది. పొలం పనులు లేని నెలల్లో అమ్ముకోవడానికి 1907లో చేత్తో తిప్పే చెక్క ఉతుకు యంత్రాన్ని మొదలుపెట్టింది. అక్కడి హోవార్డ్ స్నైడర్ దాన్ని ఏళ్ళ తరబడి బాగుచేశాడు. ముందు బయటి ఇంజనుతో బెల్టు మీద నడిచేలా చేశారు. తర్వాత కరెంటు లేని పల్లెలకోసం చిన్న పెట్రోలు ఇంజను బిగించారు. చివరికి 1922లో కవ్వాన్ని మూత నుంచి తీసేసి తొట్టి అడుగున పెట్టారు. రెక్కలు గల ఆ కవ్వం బట్టలను పట్టి లాగదు, నీటిని బట్టల్లోంచి తోస్తుంది. పైన మూత తీసే నేటి యంత్రాల్లో అడుగున కనిపించే రెక్కలు దాని వారసులే.

అయినా యంత్రం తీర్చని కష్టం ఒకటి మిగిలింది. ఆ రోజుల్లో ఒక విడత బట్టలు ఉతికి, ఉడికించి, జాడించడానికి సుమారు 190 లీటర్ల నీళ్ళు కావలసి వచ్చేవని అమెరికా గృహచరిత్ర రాసినవాళ్ళు లెక్కగట్టారు. పదిహేను లీటర్ల బిందెతో మోస్తే దాదాపు 13 బిందెలు! ఏ పళ్ళచక్రమూ ఆ బరువు మోయలేదు. నల్లా వచ్చాకనే అది తగ్గింది.

నల్లా, కరెంటు రెండూ సరిగా అందనిచోట చేతి యంత్రం పని ఇంకా అయిపోలేదు. కేరళలో రెమ్యా జోస్ అనే అమ్మాయి, ఇంట్లో తల్లికి జబ్బు చేసి బట్టల పని తనమీద పడినప్పుడు, మీ వయసులోనే, సైకిలు పెడళ్ళతో తొక్కే ఉతుకు యంత్రాన్ని రూపొందించింది. అల్యూమినియం పెట్టె, లోపల తీగవల డ్రమ్ము, సైకిలు చైను. చేతి కంటే కాలికి సత్తువ ఎక్కువ కదా! నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఆమెను గుర్తించి గౌరవించింది. నవజ్యోత్ సాహ్నీ అనే బ్రిటిష్ ఇంజనీరు తమిళనాడులోని కుయిలాపాళయం గ్రామంలో ఉన్నప్పుడు, పొరుగింటి ఆవిడ బట్టలుతకడానికి పడే పాట్లు చూశాడు. 2018లో దీనికోసమే ఒక సంస్థను ప్రారంభించి, చేత్తో తిప్పే డ్రమ్ము యంత్రాన్ని చేశాడు. ఆవిడ పేరే దానికి పెట్టాడు: దివ్య. ఆకుకూరలను కడిగి గిరగిరా తిప్పి నీళ్ళు వదిలించే వంటింటి పరికరం నుంచి ఊహ తీసుకున్నాడట. ఇరాక్‌లోని శరణార్థి శిబిరాలకు ఆ యంత్రాలు వెళ్ళాయి. 1782 నాటి సిడ్జియర్ పంజరమే, కొయ్యకు బదులు లోహంతోనూ ప్లాస్టిక్కుతోనూ!

మీరే చేసి చూడండి

రెండు బకెట్లు తీసుకొని, రెండింటిలోనూ సమానంగా నీళ్ళూ డిటర్జెంటు పొడీ వేయండి. ఒకే పాతబట్టను రెండు ముక్కలు చేసి, రెండింటికీ ఒకేరకంగా మట్టీ కాస్త వంటనూనే పూసి, చెరో బకెట్టులో వేయండి. మొదటిదాన్ని కర్రతో ఒకేవైపు వందసార్లు తిప్పండి. రెండోదానికి ఒక పెద్ద ప్లాస్టిక్ గరాటు తీసుకోండి. దాని కాడలో కర్ర బిగించి, సందు లేకుండా గుడ్డ చుట్టండి. ఆ గరాటును బట్టమీద బోర్లించి వందసార్లు పైకీ కిందికీ ఆడించండి. రెండు ముక్కలనూ జాడించి, ఎండలో ఆరేసి, పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత గరాటు గోడకు నాలుగు చిల్లులు పొడిచి మూడో ముక్కతో మళ్ళీ చేయండి. ఈసారి నొక్కడం తేలికవుతుంది. మరి పైకి పీల్చే బలం ఏమైంది?